వేసవి అంచనాను తేమతో కలిపి చదవాలి

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి నెలాఖరున భారత వాతావరణ శాఖ మార్చి నుంచి మే వరకు దేశంలో ఎండలు ఎలా ఉండబోతున్నాయో అంచనా విడుదల చేస్తుంది. మార్చి ముగిసే వేళకు ఏప్రిల్, మే, జూన్ నెలల అంచనా వెలువడుతుంది. ఏప్రిల్ మధ్యలో నైరుతి రుతుపవనాల గురించిన తొలి కబురు వస్తుంది. ఇన్ని పేజీల సమాచారంలో పత్రికల మొదటి పుటకు ఎక్కేది ఒక్క వాక్యమే: ఈసారి ఉష్ణోగ్రతలు సాధారణం కంటే ఎక్కువగా ఉంటాయని, లేదా ఉండవని. తిరుపతి వంటి ఊళ్లో, అంతకంటే ముఖ్యంగా మనకు తూర్పున ఉన్న సూళ్లూరుపేట, తడ వంటి తీరప్రాంతాల్లో, ఆ ఒక్క వాక్యం వేసవి గురించి సగం సంగతే చెబుతుంది. మిగిలిన సగం గాలిలోని తేమలో ఉంది. ఆ సగాన్ని ఎలా చదవాలో, మన వైపు ఏ నెలలో ఏమి ఆశించవచ్చో కాస్త వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు మన భూగోళం సంగతి. తిరుపతి నుంచి బంగాళాఖాతం నేరుగా చూస్తే ఎనభై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాత చిత్తూరు జిల్లాలోని తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాలతో పాటు పాత నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట వైపు కూడా కొత్త తిరుపతి జిల్లాలో చేరింది. దానితో ఒకవైపు శేషాచలం కొండలు, మరోవైపు పులికాట్ సరస్సు, శ్రీహరికోట తీరం ఒకే జిల్లాలోకి వచ్చాయి. వాతావరణ బులెటిన్లలో మాత్రం తిరుపతి రాయలసీమ కింద ఉంటుంది. రాయలసీమకు చెప్పిన ఎండ అంటే కర్నూలు, అనంతపురం, కడపల పొడి ఎండ మన మనసులో మెదులుతుంది. మన తూర్పు మండలాల వేసవి ఆ తీరులో ఉండదు. ఇటు పడమరకు పోతే ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పలమనేరు, కుప్పం ప్రాంతాల వేసవి ఈ రెండింటికీ భిన్నం. తిరుపతి పట్టణానికీ కొండ మీది తిరుమలకూ మధ్యనే ఐదారు డిగ్రీల తేడా ఉంటుంది. అందువల్ల రాయలసీమ అంతటికీ కలిపి చెప్పిన అంకెను సూళ్లూరుపేటకో కుప్పానికో యథాతథంగా అన్వయించుకోకూడదు.

మా అక్క సూళ్లూరుపేటలో ఉంటుంది. మే నెలలో ఫోన్ చేసినప్పుడల్లా, "మీకు నలభై రెండంట కదరా, మాకు ముప్పై ఆరే చూపిస్తా ఉంది, అయినా ఒంటి మీద చెమట ఆరడం లేదు" అంటుంది. ఆమె మాటలో శాస్త్రం పూర్తిగా ఉంది. మన శరీరం వేడిని వదిలించుకునే ప్రధానమైన మార్గం చెమట ఆవిరి కావడమే. బయటి గాలి చర్మం కంటే వేడిగా ఉన్నప్పుడు అది దాదాపు ఏకైక మార్గమవుతుంది. చెమట పట్టడంతో చల్లదనం రాదు. చెమట ఆరినప్పుడే వస్తుంది. గాలిలో ఇప్పటికే నీటి ఆవిరి నిండుగా ఉంటే చెమట ఆరదు, ధారగా కారిపోతుంది. శరీరం నీటినీ ఉప్పునూ పోగొట్టుకుంటుంది కానీ వేడిని పోగొట్టుకోలేదు. తీరప్రాంతపు ఉక్కపోత ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

అంకెల్లో చూస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపి శరీరానికి ఎంత వేడిగా అనిపిస్తుందో లెక్కకట్టే పద్ధతిని హీట్ ఇండెక్స్ అంటారు. 42 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉంటే ఆ లెక్క 42 దగ్గర తేలుతుంది. 35 డిగ్రీల ఎండలో తేమ 60 శాతం ఉంటే అదే లెక్క 45కు చేరుతుంది. అంటే ఉష్ణమాపకం ఏడు డిగ్రీలు తక్కువ చూపిస్తున్న చోటనే శరీరం ఎక్కువ భారం మోస్తోంది. భారత వాతావరణ శాఖ 2023 ఏప్రిల్ నుంచి ఈ హీట్ ఇండెక్స్‌ను ప్రయోగాత్మకంగా ఇవ్వడం మొదలుపెట్టింది. నా దృష్టిలో తీర మండలాల వారికి గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే ఈ అంకెనే ముందు చెప్పాలి.

దీనికంటే కచ్చితమైన కొలత మరొకటి ఉంది. వాతావరణ పరిశీలన కేంద్రాల్లో మామూలు ఉష్ణమాపకం పక్కనే, కింది బల్బుకు తడి గుడ్డ చుట్టిన ఇంకో ఉష్ణమాపకం ఉంటుంది. గుడ్డలోని నీరు ఆవిరవుతూ బల్బును చల్లబరుస్తుంది కనుక అది తక్కువ అంకె చూపిస్తుంది. దాన్నే తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. నీరు ఆవిరి కావడం వల్ల ఏ వస్తువైనా ఎంత వరకు చల్లబడగలదో ఆ అంకె చెబుతుంది. పైన చెప్పిన రెండు రోజుల్లో మొదటిదానికి, అంటే 42 డిగ్రీల పొడి ఎండకు, తడి బల్బు అంకె 24 దగ్గర ఉంటుంది. రెండోదానికి 28 దాటుతుంది. తడి బల్బు 35 డిగ్రీలకు చేరితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడి శరీరం కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేదని సిద్ధాంతం చెబుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువతీయువకులపై చేసిన పరీక్షల్లో ఆ హద్దు తేమ గాలిలో దాదాపు 31 దగ్గరే కనిపించింది. వృద్ధులకు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి, ఎండలో బరువులు మోసేవారికి ఆ హద్దు ఇంకా కిందికి వస్తుంది. మన తీరంలో మే నెల మధ్యాహ్నాలకూ ఆ హద్దుకూ మధ్య ఉన్న ఎడం చాలా తక్కువ.

ఈ సూత్రాన్ని మన ఇళ్లలో మట్టికుండ ఎప్పటినుంచో చూపిస్తూనే ఉంది. పడమటి గాలి వీచిన రోజు కుండలోని నీళ్లు గొంతు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. సముద్రపు గాలి నిండిన రోజు అదే కుండ, అదే మూల, అయినా నీళ్లు గోరువెచ్చదనం వదలవు. ఎయిర్ కూలర్ పని చేసేదీ ఇదే సూత్రం మీద. కూలర్ గాలిని ఎంత చల్లబరిచినా తడి బల్బు అంకె కంటే కిందికి దించలేదు. అందుకే అనంతపురంలో కూలర్ కొన్నవారు సంతోషంగా ఉంటారు, సూళ్లూరుపేటలో కొన్నవారు గది నిండా మరింత తేమను నింపుకుంటారు. తిరుపతిలో అది కొన్ని రోజులు ఉపయోగపడుతుంది, కొన్ని రోజులు పడదు. తలుపులు, కిటికీలు మూసి కూలర్ వేసుకునే అలవాటు మన వైపు మంచిది కాదు. తేమ బయటికి పోవడానికి ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. ఫ్యాను సంగతి వేరు. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను వేడి గాలిని శరీరం మీదికి తోస్తుందే తప్ప చల్లబరచదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. తీరంలోని 34, 35 డిగ్రీల ఉక్కలో మాత్రం చర్మానికి అంటుకుని ఉన్న తడి గాలిని కదిలించి చెమటను ఆరనిచ్చేది ఫ్యానే. కాబట్టి ఆ ఊళ్లలో మే నెల రాత్రి కరెంటు పోవడాన్ని చిన్న అసౌకర్యంగా చూడకూడదు. మంచంలో ఉన్న ముసలివాళ్లకు, పసిపిల్లలకు అది ఆరోగ్య సమస్య.

మరి తేమ ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది? దాన్ని నిర్ణయించేది గాలి దిక్కు. ఏప్రిల్, మే నెలల్లో బంగాళాఖాతం ఉపరితలం 30 డిగ్రీల వరకు వేడెక్కి ఉంటుంది. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కడంతో నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది; దాని స్థానంలోకి సముద్రపు గాలి వస్తుంది. తీరంలో అది సాధారణంగా మధ్యాహ్నానికి ముందో, మధ్యాహ్నం దాటిన కాసేపటికో మొదలవుతుంది. అది వచ్చిన వెంటనే ఉష్ణోగ్రత పెరగడం ఆగిపోతుంది, తేమ పెరుగుతుంది. బలంగా వీచిన రోజుల్లో శ్రీకాళహస్తి, ఏర్పేడు మీదుగా సాయంత్రానికి తిరుపతి దాకా చేరుతుంది. అప్పుడు ఉష్ణమాపకం రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఒంటికి మాత్రం ఊరట అంత తొందరగా కలగదు.

దీనికి ఎదురు నిలిచేది పడమటి గాలి. కర్ణాటక పీఠభూమి మీదుగా వచ్చే ఆ గాలి దారిలోనే తేమను కోల్పోయి, మన వైపు పల్లానికి దిగుతూ మరింత వేడెక్కుతుంది. అది బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే నిలిచిపోతుంది, లేదా సాయంత్రం వరకు ఆలస్యమవుతుంది. అప్పుడు తీరం కూడా రాయలసీమలాగే మండుతుంది. 2003 మే 31న చెన్నైలో 45 డిగ్రీలు నమోదైంది. సముద్రాన్ని ఆనుకుని ఉన్న నగరం అంత వేడెక్కిందంటే ఆ రోజు సముద్రపు గాలి లోపలికి రాలేకపోయిందని అర్థం. అదే వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులు చాలామందిని బలి తీసుకున్నాయి. 2015 మే నెలలో ఉమ్మడిగా తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వడదెబ్బ మృతుల సంఖ్య రెండు వేలు దాటింది.

బంగాళాఖాతంలో మే నెలలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వినగానే మనవాళ్లు వాన వస్తుందని ఆశపడతారు. ఆ ఆశ నెరవేరడం తుఫాను దారిని బట్టి ఉంటుంది. 2010 మే నెలలో లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2016లో రోను తుఫాను మన తీరం వెంబడే ఉత్తరానికి సాగింది. ఇలాంటివి వానను, చల్లదనాన్ని తెస్తాయి. 2019లో ఒడిశాలోని పూరీ దగ్గర తీరం దాటిన ఫణి, 2023లో మయన్మార్ వైపు వెళ్లిన మోచా వంటివి మనకు దూరంగా సాగిపోతాయి. వెళుతూ వెళుతూ చుట్టూ ఉన్న తేమను తమ వైపు లాక్కుంటాయి, మన మీదికి భూభాగపు పొడి గాలిని రప్పిస్తాయి. అందుకే తుఫాను ఉత్తర బంగాళాఖాతం వైపు పోతోందని తెలిస్తే తర్వాతి మూడు నాలుగు రోజులు ఎండ పెరుగుతుందని అనుకుని సిద్ధపడటం మేలు.

ఇక అంచనా తయారీ గురించి. నెలల ముందు ఇచ్చే అంచనా ఏ రోజున ఎంత ఎండ కాస్తుందో చెప్పదు, చెప్పలేదు. గత సంవత్సరాల వేసవులను చల్లనివి, మామూలువి, వేడివి అని మూడు సమాన భాగాలు చేస్తే రాబోయే వేసవి ఏ భాగంలో పడే అవకాశం ఎంత ఉందో చెబుతుంది. ఏ సమాచారమూ లేకపోతే ఒక్కో భాగానికి మూడింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మన ప్రాంతం మీద "సాధారణం కంటే ఎక్కువ" అనే రంగు పడి, దానికి 55 శాతం అని రాసి ఉంటే, మిగిలిన 45 శాతం అవకాశం అలా కాకపోవడానికి ఉందని కూడా గుర్తుంచుకోవాలి. పసిఫిక్ మహాసముద్రంలో ఎల్ నినో (అక్కడి ఉపరితల నీరు మామూలు కంటే వేడెక్కే స్థితి) ఉన్న శీతాకాలం తర్వాత వచ్చే వేసవి దక్షిణాదిన తరచుగా వేడిగా ఉంటుంది. 1998, 2003, 2010, 2016, 2024 అలాంటి సంవత్సరాలే. 2024 ఏప్రిల్ మొదట్లో వాతావరణ శాఖ ఆ మూడు నెలల్లో సాధారణంగా 4 నుంచి 8 రోజులుండే వడగాడ్పులు కొన్ని ప్రాంతాల్లో 10 నుంచి 20 రోజులు ఉండవచ్చని ముందే చెప్పింది. ఇటువంటి హెచ్చరిక ఆసుపత్రులకు, విద్యుత్ సంస్థలకు, పంచాయతీలకు ఎంతో విలువైనది. ఇంట్లో ఉన్న మనకు ఎక్కువ పనికొచ్చేవి ప్రతి గురువారం వెలువడే రాబోయే వారాల అంచనా, రోజూ వచ్చే ఐదు రోజుల అంచనా, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ప్రకటించే వడగాడ్పుల జాబితా.

ఆ జాబితాలో మన మండలం పేరు లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. వడగాడ్పుగా ప్రకటించడానికి ఒక కొలమానం ఉంది. మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40, తీరప్రాంతాల్లో కనీసం 37 ఉండి, అది సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి పెరగాలి. లేకపోతే నేరుగా 45 డిగ్రీలకు చేరాలి. మే నెల సాధారణ గరిష్ఠమే 39, 40 దగ్గర ఉండే నెల్లూరు వంటి ఊళ్లో 43 డిగ్రీలు కాచినా, ఈ లెక్క ప్రకారం అది వడగాడ్పు కాకపోవచ్చు. 36 డిగ్రీల ఎండకు 65 శాతం తేమ తోడైన రోజు ఆ జాబితాలోకి రానే రాదు. అలాంటి రోజులకు బులెటిన్లలో "వేడి, ఉక్కపోతతో కూడిన అసౌకర్య వాతావరణం" అని వేరే హెచ్చరిక ఇస్తారు. ఎరుపు, నారింజ రంగుల హెచ్చరికల మధ్య అది మెత్తగా వినిపిస్తుంది కనుక చాలామంది పట్టించుకోరు. తీరంలో ఉన్నవారు దాన్ని వడగాడ్పు హెచ్చరికతో సమానంగానే తీసుకోవాలని గట్టిగా చెప్పదలచుకున్నాను.

తేమ శాతాన్ని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బులెటిన్లలో ఇచ్చే తేమ శాతం సాధారణంగా ఉదయం ఎనిమిదిన్నరకు, సాయంత్రం ఐదున్నరకు తీసుకున్నది. ఉదయం 28 డిగ్రీల దగ్గర 75 శాతం ఉన్న తేమ, గాలిలోని ఆవిరి ఏ మాత్రం తగ్గకపోయినా, మధ్యాహ్నం 36 డిగ్రీల దగ్గర 48 శాతంగా కనిపిస్తుంది. తేమ తగ్గిందని మనం అనుకుంటాం, నిజానికి తగ్గలేదు. ఈ చిక్కు లేకుండా చూడాలంటే ఫోనులోని వాతావరణ యాప్‌లలో డ్యూ పాయింట్ అనే అంకెను చూడాలి. గాలి ఎంతవరకు చల్లబడితే అందులోని ఆవిరి మంచుబిందువులుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత అది. 20 లోపు ఉంటే చెమట సులువుగా ఆరుతుంది. 24 దాటితే ఉక్క మొదలవుతుంది. 27 దగ్గరికి వచ్చిందంటే మధ్యాహ్నం బయటి పనులు మానుకోవాల్సిందే. తిరుపతిలో ఒకే రోజులో ఈ అంకె మధ్యాహ్నం బాగా పడిపోయి, సాయంత్రం సముద్రపు గాలితో మళ్లీ లేవడం గమనించవచ్చు.

రాత్రుల గురించి మనం ఇంకా ఎక్కువగా మాట్లాడుకోవాలి. పగటి వేడి నుంచి శరీరం కోలుకునేది రాత్రి నిద్రలోనే. పొడి గాలి ఉన్న చోట సూర్యాస్తమయం తర్వాత నేల వేగంగా చల్లబడుతుంది. తేమ నిండిన గాలి నేల వదిలే వేడిని పైకి పోనివ్వదు కనుక తీరంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 28, 29 దగ్గరే ఆగిపోతుంది, తేమ శాతం తెల్లవారేసరికి 80 దాటుతుంది. దానికి సిమెంటు మిద్దె తోడైతే పగలంతా తాగిన ఎండను ఆ కప్పు అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. మిద్దె మీద తెల్ల సున్నం లేదా కూల్ పెయింట్ వేయించుకోవడం ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చే పని. తిరుమలలో భక్తుల పాదాలు కాలకుండా మాడవీధుల్లో తెల్లని పెయింటు వేసేది ఈ సూత్రం మీదనే. రేకుల ఇళ్లు రాత్రికి త్వరగా చల్లబడతాయి గానీ పగలు కొలిమిలా ఉంటాయి. పగటి పూట పసిపిల్లలతో బాలింతలు ఆ ఇళ్లలోనే ఉండాల్సి వస్తుందన్నది నన్ను ప్రతి వేసవిలోనూ బాధపెట్టే విషయం.

నెలల వారీగా చూస్తే మార్చిలో మన వైపు ఎండ కంటికి కనిపించినంతగా ఒంటికి తెలియదు. ఉదయాలు ఇంకా హాయిగా ఉంటాయి. అయినా వడదెబ్బ విషయంలో మార్చి చివర, ఏప్రిల్ మొదటి రోజులను తేలిగ్గా తీసుకోకూడదు. శరీరం వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది; అలవాటు పడకముందు వచ్చే 39 డిగ్రీలు, అలవాటు పడ్డాక వచ్చే 41 కంటే ప్రమాదకరం. కుప్పం, పలమనేరు వైపు నుంచి పని కోసం శ్రీసిటీ పారిశ్రామికవాడకో సూళ్లూరుపేటకో దిగినవారికి, చల్లని ప్రాంతాల నుంచి వచ్చి అలిపిరి మెట్లెక్కే యాత్రికులకు కూడా ఈ మాట వర్తిస్తుంది. వారు మొదటి కొన్ని రోజులు తెల్లవారుజామునో సాయంత్రం పొద్దు పోయాకో నడవాలి.

ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్న సూర్యుడు తిరుపతికి నడినెత్తిన నిలుస్తాడు. ఎండ తీవ్రత అప్పుడే శిఖరానికి చేరినా, నేల, సముద్రం మరికొంత కాలం వేడెక్కుతూనే ఉంటాయి కనుక అసలు వేడి మే నెలలో వస్తుంది. పంచాంగంలో మే 4న మొదలయ్యే డొల్లు కర్తరి, మే 11 నుంచి 28 వరకు ఉండే నిజ కర్తరి, దాని చివరి రోజుల్లోనే మొదలయ్యే, రోళ్లు పగులుతాయని చెప్పుకునే రోహిణి కార్తె, ఇవన్నీ ఈ ఆలస్యాన్ని చక్కగా పట్టుకున్న లెక్కలు. తిరుపతి గంగమ్మ జాతర ఈ ఎండల్లోనే జరుగుతుంది. అమ్మవారికి పోసే రాగి అంబలే ఆ రోజుల్లో ఒంటికి సరైన ఆహారం కూడా. నీటితో పాటు ఉప్పు కూడా పోయే ఉక్కపోతలో ఉప్పేసిన అంబలి, పలుచని మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఉత్తి నీళ్ల కంటే మేలు చేస్తాయి. నన్నారి షర్బత్ నాకూ ఇష్టమే, అయితే అందులోని చక్కెర ఉప్పుకు బదులు కాదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట పడమటి నుంచి ఉరుములతో వచ్చే వానలు ఉంటాయి. మధ్య భారతం నుంచి కర్ణాటక, రాయలసీమల మీదుగా తమిళనాడు వరకు సాగే ద్రోణి (తక్కువ పీడనపు పట్టీ) వెంట సముద్రపు తేమగాలి, పడమటి పొడిగాలి కలుసుకుంటాయి. ఆ కలయికలో మేఘాలు గంట రెండు గంటల్లోనే ఆకాశమంత ఎత్తు పెరుగుతాయి. ఒక్క వానతో ఎండ ఐదారు డిగ్రీలు తగ్గవచ్చు, కానీ ముందు వచ్చే ఈదురుగాలికి చిత్తూరు వైపు మామిడి తోటల్లో కాయ నేలరాలుతుంది. తోతాపురి కాయ ఇంకా ముదరక ముందే రాలితే రైతుకు దక్కేది ఏమీ ఉండదు. పిడుగుల హెచ్చరిక వచ్చినప్పుడు గొర్రెల కాపరులు, తోటల్లో పనిచేసేవారు చెట్టు కిందికి పోకుండా గట్టి కప్పున్న ఇంట్లోకి చేరాలి.

వడదెబ్బ గుర్తుల విషయంలో తీరప్రాంతంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. చెమట ఆగిపోయి చర్మం పొడిబారితేనే వడదెబ్బ అని చాలామంది నమ్మకం. ఉక్కపోతలో కష్టపడి పనిచేసిన మనిషికి ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే వడదెబ్బ తగలవచ్చు. మాట తడబడటం, తికమక, నడక తూలడం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోపే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్లు ధారగా పోస్తూ గట్టిగా విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు ముక్కలు పెట్టవచ్చు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. ఆ మొదటి అరగంటలో శరీరాన్ని చల్లబరచడం మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది.

జూన్ మొదలవగానే వేసవి ముగిసిందని పత్రికలు వదిలేస్తాయి. రుతుపవనాలు కేరళను సాధారణంగా జూన్ 1న, 2025లో అయితే మే 24నే తాకాయి. కానీ పడమటి కనుమలు దాటి మన తీరానికి వచ్చేసరికి ఆ గాలుల్లో వాన పెద్దగా మిగలదు. తిరుపతి తూర్పు మండలాలకు, నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. పైగా రుతుపవనాలు తెచ్చే బలమైన పడమటి గాలి సముద్రపు గాలిని ఆలస్యం చేస్తుంది. దానితో జూన్ నెల మధ్యాహ్నాలు మే కంటే ఏమీ తక్కువ కాకుండా మండుతాయి, సాయంత్రాలు ఉక్కపోస్తాయి. పులికాట్ ఉత్తర భాగంలో నీళ్లు ఎండి, శ్రీహరికోట రోడ్డుకు ఇరువైపులా బీటలు వారిన నేల కనిపించేది ఈ రోజుల్లోనే.

సరిగ్గా ఇదే సమయంలో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి కోతలు ముమ్మరమవుతాయి, గుజ్జు పరిశ్రమలు రాత్రింబగళ్లు నడుస్తాయి. కాయలు కోసేవారు, లారీలకు ఎత్తేవారు, పరిశ్రమల లోపల ఆవిరి వేడి మధ్య నిలబడి కాయలు కడిగి కోసే ఆడవాళ్లు అందరూ ఉక్కపోతలోనే పనిచేస్తారు. ఉపాధి హామీ పనులకు ఎండాకాలంలో వేళలు ముందుకు జరుపుతారు, పాఠశాలలకు సెలవులిస్తారు. ఈ కూలీలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. పరిశ్రమల యజమానులు షెడ్డులో ఒక తడి బల్బు ఉష్ణమాపకం తగిలించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఆ అంకె 28 దాటిన గంటల్లో పని మధ్య విరామాలు పెంచి, ఉప్పు కలిపిన మజ్జిగ అందించి, ఆవిరి బయటికి పోయేలా పైకప్పు దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్లు నడపాలి. జూన్, జూలై నెలల్లో ఈ ఏర్పాటు ఉందో లేదో కార్మిక శాఖ తనిఖీల్లో చూడాలని కలెక్టర్ కార్యాలయంలో జరిగే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వాలని అనుకుంటున్నాను. గుజ్జు పరిశ్రమల్లో పనిచేసినవారు, అక్కడి వేళలు, విరామాల గురించి తెలిసినవారు కింద రాస్తే ఆ వివరాలను అర్జీలో చేరుస్తాను.